నూట నలభై మూడు గంటలు

మా సంఘానికి ఒక గంట ఉంది. ఒక అయ్యగారు ఉన్నారు. ఒక కార్యదర్శి కూడా ఉన్నాడు, అది నేనే. పేరు పరంజ్యోతి. నాకు పిండిమర ఉంది. పదో తరగతి వరకు చదివాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని పద్నాలుగేళ్ల కిందట నన్ను కార్యదర్శిని చేశారు. ఆ తర్వాత చేతిరాత చెడింది గాని పదవి పోలేదు.

పొలాలకు నీళ్లు తీసుకుపోయే ఛానలు గట్టు మీద ఉంటుంది మా చర్చి. అందుకని చినమడకపాలెంలో అందరూ దాన్ని ఛానలు చర్చి అంటారు. గంటని ఛానలు గంట అంటారు.

గంట కొట్టేది జక్కరయ్య బాబాయి. నలభై ఒక్క ఏళ్లుగా ఆయనే. అంతకాలం గంట కిందే నిలబడ్డాడు కాబట్టి ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి. పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని ఎస్తేరమ్మ పిన్ని ఆయన వెనకాల నిలబడి భుజం మీద తడుతుంది. ఎన్నిసార్లు తడితే అన్ని కొడతాడు. భుజం గట్టిగా నొక్కితే ఆపుతాడు. ఆదివారాలు మొదటి గంట, రెండో గంట, మూడో గంట. ఎవరైనా చనిపోతే నిమిషానికి ఒకటి. ఛానలుకి గండి పడితే ఆపకుండా. ఆదివారం మొదటి గంటకి ఊరు లేస్తుంది, రెండో గంటకి స్నానాలు, మూడో గంటకి మా ఆవిడ కరుణమ్మ "మీరు పదండి, నేను కుచ్చిళ్లు పెట్టుకుని వచ్చేత్తాను" అంటుంది.

పోయిన ఏడు పట్నంలోని మా సమాజం కార్యాలయంలో "డిజిటల్ సువార్త భాగస్వామ్య విభాగం" అని ఒకటి కొత్తగా పెట్టారు. దానికి డైరెక్టరు ఆల్ఫ్రెడ్ విజయరాజు గారు. ఆ విభాగం నుంచి మాకు వచ్చిన మొదటి సర్క్యులర్ ఇది.

"ప్రియ సంఘమునకు శుభములు. అంత్యదినముల సాంకేతిక ద్వారములు విశాలముగా తెరువబడియున్న ఈ తరుణమున 'అరచేతిలో సువార్త' అను మహత్తర పథకము ఇందుమూలముగా ప్రారంభింపబడుచున్నది. బాప్తిస్మము పొందిన ప్రతి సభ్యుడును, సభ్యురాలును మన ఛానల్ గంటను విధిగా నొక్కి, పరిచర్యలో పాలిభాగస్థులు కావలెను. గంట నొక్కనివారు పాలిభాగస్థులుగా పరిగణింపబడరు. నెలాఖరులోగా మొత్తము గంటలు ఎన్నియో దిగువ పట్టికలో నింపి పంపవలెను."

నతనయేలు అయ్యగారు దీన్ని ఆరాధన అయ్యాక రెండుసార్లు చదివి వినిపించారు. మన ఛానలు గంట సంగతి పట్నం దాకా పాకిందని పెద్దలు చాలా సంతోషించారు.

నాకు ఒక సందేహం వచ్చింది. "అయ్యగారూ, గంట కొడతాం గాని నొక్కడమేంటండీ?"

అయ్యగారి కంటే ముందు ఎస్తేరమ్మ పిన్ని అందుకుంది. "తాడు పట్టుకుని కిందకి నొక్కితేనే కదబ్బాయ్ మోగేది! ఊరికే చూత్తా నిలబడితే మోగుద్దా?"

కరుణమ్మ ఆడవాళ్ల వరసలోంచే లేచింది. "అయ్యగారండీ, ఇది ఫోన్లో గంటేమోనండి. మా చెల్లెలు వంటల వీడియోలు చూత్తాదండి. అందులో ఆవిడెవరో కూర కలిపినప్పుడల్లా గంట నొక్కండి, గంట నొక్కండి అంటాదండి."

అయ్యగారు కళ్లజోడు సవరించుకుని సర్క్యులర్ మళ్లీ పైనుంచి కిందదాకా చూశారు. "ఫోను అని ఎక్కడైనా ఉందా అమ్మా?"

"లేదండి."

"రాసినదానికి మనం ఒక పొల్లు కలపకూడదు, ఒక పొల్లు తియ్యకూడదు. గంట అన్నారు. మనకి గంట ఉంది. ఛానల్ అన్నారు. మనకి ఛానలు ఉంది. అరచేతిలో అన్నారు. తాడు పట్టుకునేది అరచేత్తోనే."

నాకు సమాధానం దొరికింది. కరుణమ్మకి దొరకలేదు. ఇంటికి వెళ్లేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం కార్యక్రమం పెట్టుకున్నాం. మా సంఘంలో బాప్తిస్మం పొందినవారు నూట నలభై మూడు మంది. అందరూ గంట కొడతారని ఎస్తేరమ్మ పిన్ని సైగలతో చెప్పగానే జక్కరయ్య బాబాయి మొహం చిన్నబోయింది. "అందరూనా? మరి నేనేం చెయ్యాలంట?" అన్నాడు. నేర్పించాలని చెప్పించాం. అప్పుడు కాస్త తేరుకుని తాడు పక్కన ఉపాధ్యాయుడిలా నిలబడ్డాడు.

"లాగి ఒదిలెయ్యండి. ఏలాడకండి. ఇదేం ఉయ్యాల కాదు."

అయినా సువర్ణమ్మ వేలాడింది. ఆవిడ బక్కపలచని మనిషి. గంట వెనక్కి ఊగేసరికి తాడుతోపాటు జానెడు పైకి లేచి, "స్తోత్రం! స్తోత్రం! ఎవరన్నా పట్టుకోండర్రా!" అంది. కాళ్లు నేలకి ఆనాక ఆవిడ పేరు పక్కన టిక్కు పెట్టాను.

బర్నబాసు ఒకటి కొట్టి, తాడు వదలకుండా నిలబడ్డాడు. "మా ఇంటిది బాలింతండి. ఆవిడ బదులు ఇంకోటి కొట్టేత్తాను."

"పాలిభాగస్థత్వము బదిలీకి వీలులేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. సర్క్యులర్ జేబులో పెట్టుకుని తిరిగితే భాష అలా అంటుకుంటుంది.

ఆదివారం ఎనభై ఎనిమిది మంది అయ్యారు. తాడు ఒకసారి తెగితే బాబాయి ముడేశాడు. మిగిలిన యాభై అయిదు మంది సోమవారం పొద్దున వచ్చారు. బాలింత కూడా బిడ్డని చంకనేసుకుని వచ్చింది. మా చర్చి పక్కనే ఎలిమెంటరీ స్కూలు ఉంది. వాళ్ల గంట ఎప్పుడో పగిలిపోయింది. మామూలు రోజుల్లో బాబాయి పీరియడ్లకీ భోజనానికీ కొట్టే గంటని బట్టే బడి నడుస్తుంది. ఈ సంగతి నాకు పన్నెండింటికి గుర్తొచ్చింది. అప్పటికే హెడ్మాస్టరు సూర్యప్రకాశం గారు గోడ మీంచి చూస్తున్నారు.

"కార్యదర్శి గారూ, పొద్దుట్నించి మా బళ్లో యాభై పీరియడ్లు అయ్యాయండి. పిల్లలు మూడుసార్లు కంచాలు పట్టుకుని భోజనానికి కూర్చున్నారు. ఈ లెక్కన సాయంత్రానికి ఒకటో తరగతి వాళ్లు రెండో తరగతి పాసైపోతారు. ఏంటండీ ఇదంతా?"

"భాగస్వామ్యం, మాస్టారూ."

"ఎవరితో?"

నేను జేబులోంచి సర్క్యులర్ తీసి చూశాను. ఎవరితో అన్నది అందులో లేదు. అప్పట్నించీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

పట్టికలో "మొత్తము గంటలు" అన్నచోట 143 అని గుండ్రంగా రాసి పంపించాను. నాలుగో రోజున డైరెక్టరు గారే స్వయంగా ఫోన్ చేశారు. ఒక చెయ్యి మర మీద ఉండగా రెండో చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడాను.

"బ్రదర్, నూట నలభై మూడు గంటలా?"

"ఆయ్, అవునండి."

"నెల మొత్తం మీదా?"

"లేదండి. ఒక ఆదివారం, ఒక సోమవారం పొద్దున్నండి."

"జిల్లాలో అన్ని సంఘాలూ కలిపితే ఇప్పటిదాకా పదకొండు గంటలు బ్రదర్. మీ ఒక్క సంఘం రోజున్నరలో నూట నలభై మూడు. ఇది మానవసాధ్యమా? ఎలా నిర్వహించారు?"

"వరసలో నిలబెట్టామండి."

"క్రమశిక్షణ!" అని పక్కన ఎవరికో చెప్పారు. "మధ్యలో అంతరాయాలేమైనా?"

"ఒకసారి తెగిందండి."

"మారుమూల ప్రాంతాల్లో కనెక్షన్ తెగడం సహజం. అప్పుడేం చేశారు?"

"జక్కరయ్య బాబాయి ముడేశాడండి."

"స్థానిక సాంకేతిక నైపుణ్యం! రాసుకోండి, రాసుకోండి. సభ్యులకి అలసట ఏమైనా?"

"అరచేతులు బొబ్బలెక్కాయండి."

"అరచేతులు! అరచేతిలో సువార్త! ఇంత ఆసక్తి నేనెక్కడా చూడలేదు బ్రదర్."

ఆయన ఏం విన్నారో నాకు తెలియదు. నేను మాత్రం ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

పది రోజులకి రెండో ఉత్తరం వచ్చింది. మమ్మల్ని "ఆదర్శ డిజిటల్ సంఘము"గా ప్రకటించారు. మొదటి పేరా వినగానే అందరం హల్లెలూయ అన్నాం. రెండో పేరా ఇలా ఉంది.

"సమాచారము నేరుగా సభ్యుల అరచేతికే చేరుచున్నందున, మీ గోపురమునందలి కంచు గంట ఒకే పనిని రెండుమార్లు చేయుచున్నదిగా గుర్తింపబడినది. కావున దానిని దింపి, ప్రధాన కార్యాలయమందలి గతకాల పరిచర్య పరికరముల ప్రదర్శనశాలకు తరలింపవలెను. గంట కొట్టు విధి ఇందుమూలముగా రద్దు చేయబడినది. వచ్చే బుధవారము ఉదయము పదకొండు గంటలకు జరుగు ఈ శుభకార్యమును విదేశీ భాగస్వాములు ప్రత్యక్ష ప్రసారమున వీక్షింతురు."

అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నూటికి నూరు సాధించినందుకు తీసుకుపోతున్నారు" అన్నారు మెల్లగా.

"అయితే తొంభై తొమ్మిది సాధిస్తే ఉంచేవారాండి?" అంది కరుణమ్మ. "ఆ బాలింతని ఇంట్లో పడుకోనిత్తే సరిపోయేది."

ఈ సంగతి జక్కరయ్య బాబాయికి ఎస్తేరమ్మ పిన్ని చెప్పింది. పైకి చూపించి, దింపినట్టు చేసి, వ్యాను స్టీరింగు తిప్పినట్టు చేతులు తిప్పింది. ఆయన నా వైపు తిరిగి రెండు చేతులూ చాపాడు.

"నాకు చెవుల్లేవని అందరూ అనుకుంటారబ్బాయ్. గంట మోగినప్పుడు ఆ మోత తాడులోంచి దిగుద్ది. ఇదిగో, ఈ అరచేతుల్లోకొచ్చి మోచేతుల దాకా పాకుద్ది. ఈ భూమ్మీద నాకింకా ఇనపడేది అదొక్కటే. అదీ అట్టుకుపోతారా?"

నేను ఏం చెప్పినా ఆయనకి వినపడదు.

ఆ సాయంత్రం విభాగం ఫోను నంబరుకి విన్నపం మెసేజి పెట్టాను. గంట వద్దనకండి, బాబాయికి ఇక మిగిలింది అదే అని రాశాను. వెంటనే జవాబు వచ్చింది. "మీ సందేశము అందినది. మీ గంటలు మరింతగా విస్తరించును గాక."

బుధవారం పదింటికి వ్యాను వచ్చింది. అందులోంచి డైరెక్టరు గారు, ఇద్దరు పనివాళ్లు, ఒక నిచ్చెన, స్పానర్లు, మూడుకాళ్ల స్టాండు దిగాయి. ఆయన తెల్లబట్టల్లో చాలా హుందాగా ఉన్నారు. ఎదురు వెళ్లినవాళ్లం అయిదుగురం. అయ్యగారు, నేను, కరుణమ్మ, బాబాయి, పిన్ని.

డైరెక్టరు గారు ఫోను తీసి బొటనవేలితో ఒక్కటి నొక్కారు. "నోటిఫికేషన్ పంపాను. పది నిమిషాల్లో నూట నలభై మూడు మంది పాలిభాగస్థులు ఇక్కడుంటారు."

పనివాళ్లు నిచ్చెన వేసుకుని గోపురం ఎక్కారు. గంట ఊగకుండా తాడు పట్టుకోమని బాబాయికి సైగ చేశారు. ఆయన రెండు చేతులతో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

పది నిమిషాలు అయింది. ఇరవై అయింది. ఒక మేక వచ్చి, స్టాండు వాసన చూసి వెళ్లిపోయింది.

"ఏరీ?" అన్నారు డైరెక్టరు గారు.

"ఎవరండీ?"

"గంట నొక్కినవాళ్లు!"

"నాట్ల రోజులు కదండీ. చేలల్లో ఉంటారు."

"వాళ్లకి నోటిఫికేషన్ వెళ్లిందిగా?"

"ఏ దారినెళ్లిందండీ?" అంది ఎస్తేరమ్మ పిన్ని ఛానలు గట్టు వైపు చూస్తూ. "ఇటెవరూ ఎళ్లలేదే."

ఆయన ఫోను మా మొహాల ముందు పెట్టారు. అందులో చింతగింజంత గంట బొమ్మ ఉంది. "ఇది! ఈ గంట! దీన్ని నొక్కారా లేదా?"

కరుణమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "చెప్పానా లేదా?"

నేను వెళ్లి రిజిస్టరు తెచ్చాను. నూట నలభై మూడు పేర్లు, నూట నలభై మూడు టిక్కులు. సువర్ణమ్మ పేరు పక్కన "జానెడు లేచినది" అని రాసి ఉంది. ఆయన పేజీలు తిప్పిన కొద్దీ మొహం రంగు మారిపోయింది.

"గంటంటే గంట కాదు బ్రదర్! గంట గుర్తు!"

"మరి పట్టికలో మొత్తం గంటలు అంటే, గంట గుర్తులాండి?"

"కాదు! గంటలంటే గంటలు! అరవై నిమిషాల గంటలు! మన వీడియోలు ఎన్ని గంటలు చూశారని!"

అయ్యగారు చాలా వినయంగా అడిగారు. "ఒక చోట గంటంటే గుర్తు. ఒక చోట గంటంటే అరవై నిమిషాలు. గంటంటే గంట మాత్రం ఎక్కడా కాదాండి?"

డైరెక్టరు గారు చర్చి మెట్టు మీద కూలబడ్డారు. తన ఫోను ఛానల్‌కి గంట నొక్కినవాళ్లు మొత్తం ఎంతమందో అప్పుడు చూశారు. నలుగురు. ఒకరు ఆయన, ఒకరు ఆయన భార్య, ఒకరు ఆయన డ్రైవరు. నాలుగో పేరు చూసి కరుణమ్మ, "అది మా చెల్లెలేనండి. వంటలనుకుని నొక్కేసుంటాది" అంది.

"విదేశీ భాగస్వాములకి నూట నలభై మూడు గంటల సంఘం అని రాశాను" అన్నారాయన నేల చూపులు చూస్తూ. "పదకొండింటికి చూస్తారు. వాళ్లకి ఏం చూపించను? ఖాళీ బల్లలా? మేకనా?"

ఆయన్ని చూస్తే జాలేసింది. "జనం రావాలంటే ఒక మార్గం ఉందండి" అన్నాను. "కాని దాన్ని మీవాళ్లు విప్పుతున్నారు."

ఆయన తలెత్తి గోపురం వైపు చూశారు. నాలుగు బోల్టుల్లో రెండు ఊడొచ్చాయి.

"ఆపండి! బిగించండి! మళ్లీ బిగించండి!"

బిగించి పనివాళ్లు దిగేసరికి పదకొండుకి పన్నెండు నిమిషాలు ఉంది. పిన్ని బాబాయి వెనక్కి వెళ్లి, "ఎన్ని కొట్టించమంటారండీ?" అని అడిగింది.

"ఎన్ని కొడితే జనం తొందరగా వస్తారో అన్ని!"

"ఎంత తొందరగానండి?"

"పరుగెత్తుకుంటూ రావాలమ్మా!"

ఎస్తేరమ్మ పిన్ని చెప్పిన మాటని చెప్పినట్టే తీసుకునే మనిషి. ఆవిడ బాబాయి భుజం మీద ఆపకుండా తట్టడం మొదలుపెట్టింది. బాబాయి ఒకసారి వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూశాడు. ఆవిడ తల ఊపింది. ఆయన ఆపకుండా కొట్టాడు. అయ్యగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది గండి గంట. కాని అప్పటికే ఆలస్యమైంది.

ముందు బర్నబాసు పలుగుతో వచ్చాడు. వెనక పారలతో నలభై మంది. నాట్లేసే ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదతో, చేతుల్లో గోనెసంచులతో వచ్చారు. టీ కొట్టు మస్తాను గండికి అడ్డం వెయ్యడానికి తన కొట్టు ముందు బల్లనే ఎత్తుకొచ్చాడు. సూర్యప్రకాశం మాస్టారు పంచె ఎగ్గట్టి బడిలోంచి ఇసుక బస్తా మోసుకొచ్చారు. మా సంఘంవాళ్లు, మా సంఘం కానివాళ్లు, ఏ సంఘమూ లేనివాళ్లు. ఎనిమిది నిమిషాల్లో చర్చి నిండిపోయి జనం వరండాలో నిలబడ్డారు.

సరిగ్గా పదకొండింటికి డైరెక్టరు గారు ఫోను ముందు నిలబడి చేతులు చాపారు. "ప్రియ భాగస్వాములారా, తిలకించండి! పిలుపు వినగానే పరుగెత్తి వచ్చిన ఈ జనసమూహము! కోతకు సిద్ధపడిన పనివారు, పనిముట్లతో సహా!"

కోతకి పారలెందుకని నాకు అనిపించింది గాని ఊరుకున్నాను. బర్నబాసు ఊరుకోలేదు. తోసుకుంటూ ఫోను ముందుకి వచ్చేశాడు.

"ఛానలు ఎక్కడ తెగిందండీ?"

"ఛానల్ తెగలేదు బ్రదర్! ఛానల్ దివ్యంగా ఉంది!"

"మరెందుకు కొట్టారండీ? నారు గట్టు మీద పడేసొచ్చాం!"

డైరెక్టరు గారు నోరు తెరిచారు. అంత భాష వచ్చిన మనిషికి ఒక్క మాట కూడా దొరకలేదు. అప్పుడు నతనయేలు అయ్యగారు ముందుకి వచ్చారు.

"వచ్చారు కదా, కాసేపు కూర్చోండి. గండి పడనందుకు ప్రార్థన చేసుకుందాం."

అందరూ పారలు పక్కన పెట్టి కూర్చున్నారు. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. నీళ్లు గట్టు దాటనందుకు, పిలిస్తే ఇంతమంది వచ్చినందుకు. మాస్టారు కళ్లు మూసుకున్నారు, మస్తాను కూడా మూసుకున్నాడు. నేను మూసుకోలేదు కాబట్టి చూశాను. భాగస్వామ్యం ఎవరితో అని మాస్టారు గోడ మీంచి అడిగిన ప్రశ్న అప్పుడు నాకు గుర్తొచ్చింది.

ప్రార్థన అంతసేపూ గంట మోగుతూనే ఉంది. పిన్ని ప్రార్థనకని లోపలికి వచ్చేసింది, ఆపమని భుజం నొక్కేవాళ్లు లేరు. ఆమెన్ అనగానే ఆవిడ నాలుక కరుచుకుని పరుగెత్తింది. వెనకాలే నేనూ వెళ్లాను. బాబాయి కళ్లు మూసుకుని, చెమటలు కారుతూ కొడుతున్నాడు. మొహం నిండా నవ్వు. పిన్ని వెంటనే నొక్కలేదు. ఇంకో నాలుగు కొట్టనిచ్చింది.

నెల తిరక్కుండా మూడో సర్క్యులర్ వచ్చింది.

"చినమడకపాలెం ప్రయోగము అఖండ విజయము సాధించినది. నెట్‌వర్కు గాని, విద్యుత్తు గాని, సభ్యత్వము గాని అవసరము లేక ఎనిమిది నిమిషములలో మూడువందల మందిని సమీకరించిన ఈ నూతన సాధనమును ప్రతి సంఘము సమకూర్చుకొనవలెను. గంటలు ఇదివరకే ప్రదర్శనశాలకు పంపిన సంఘములు వాపసు కొరకు దరఖాస్తు చేసుకొనవలెను. శ్రీ జక్కరయ్య గారు ఇందుమూలముగా ప్రాంతీయ నోటిఫికేషన్ అధికారిగా నియమింపబడిరి."

దాంతోపాటు అధికారి వివరాల పట్టిక ఒకటి. నేను వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుని నింపాను. ఎస్తేరమ్మ పిన్ని చేటలో బియ్యం చెరుగుతూ ఒక్కో ప్రశ్ననీ ఆయనకి సైగల్లో చెప్పింది.

"నోటిఫికేషన్ ఎక్కడ అందును?" బాబాయి రెండు చేతులూ చాపి చూపించాడు. "అరచేతిలో" అని రాశాను.

"పాలిభాగస్థుని పేరు?" ఆయన గడ్డంతో పిన్ని వైపు చూపించాడు. "ఎస్తేరమ్మ" అని రాశాను.

"పాలిభాగస్థునికి గల దూరము?" అని చివర్లో ఉంది. ఇద్దరూ గంట దగ్గర నిలబడే తీరు గుర్తు చేసుకుని, "జానెడు" అని రాశాను.

విభాగం నుంచి అభినందన వచ్చింది. పథకం పేరును అక్షరాలా నెరవేర్చిన ఏకైక సంఘం మాదేనట. ఒక్క అభ్యంతరం మాత్రం తెలిపారు. డిజిటల్ భాగస్వామ్యములో దూరము కనీసము రెండువందల కిలోమీటర్లు ఉండవలెను గనుక, ఆ గడిని సవరించి పంపవలెను.

నేను ఇంకా సవరించలేదు. రాసినదానికి ఒక పొల్లు కలపకూడదని మా అయ్యగారే చెప్పారు.